తెంపని దారం

పోయినవారం కథ ఆగేసరికి కామేశ్వరరావు మా షెడ్డు గుమ్మంలో నిలబడి, లోపలున్న బండ్లన్నీ గంపగుత్తగా తనకే ఇచ్చెయ్యమని అడుగుతున్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. "ఆదివారం చెప్త సార్" అని పంపించాను.

అంత మాట అడిగే ధైర్యం అతనికి ఎక్కడిదో ఒకసారి గుర్తు చేస్తాను. పుప్పాలగూడలో మాది పాత మోటార్‌సైకిళ్లు కొని అమ్మే వ్యాపారం. నాయన రాజయ్య మొదలుపెట్టాడు. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. మా షెడ్డులో ఉన్నవాటిలో సగానికి పైగా శార్దూల్ 350లే. ఈ ఆఫీసుల చుట్టుపక్కల దానికున్న గిరాకీ ఇంకే బండికీ లేదు కాబట్టి ఉన్నదంతా వాటి మీదే పెట్టాను.

వినాయక నిమజ్జనం అయిన మర్నాడు ఒక ఫోటో బయటికొచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద ఒక బండి. ట్యాంకు మొదలుకొని మడ్‌గార్డు దాకా నలుపూ తెలుపూ చారల స్టిక్కర్లు. విడుదల కాని మోడళ్లను కంపెనీలు ఆకారం తెలియకుండా అలా కప్పి రోడ్ల మీద నడిపి చూస్తాయి. లోహిత్ ఆ ఫోటోను తన యూట్యూబ్ ఛానల్లో పెట్టాడు. ఇదే శార్దూల్ 450 అన్నాడు. దసరాకు లాంచ్ అన్నాడు. 350 తయారీ ఆపేస్తారు, ఇక స్పేర్లు కూడా దొరకవు అన్నాడు. లోహిత్ గచ్చిబౌలిలో కోడు రాసుకునే కుర్రాడే, కానీ బండ్ల గురించి అతను చెప్పిందే ఈ చుట్టుపక్కల వేదం.

దెబ్బ పడిన వేళ చూడండి. పితృపక్షం నడుస్తోంది. ఈ రోజుల్లో మా దగ్గర ఎవరూ బండి కొనరు, దసరాకు చూద్దామని ఆగుతారు. కొనేవాళ్లు ఆగిపోయారు, అమ్మేవాళ్లు మాత్రం పరుగెత్తుకొచ్చారు. వచ్చిన ప్రతి 350నీ సగం ధరకు తీసుకుంటూ కోకాపేట అద్దాల షోరూములో కామేశ్వరరావు కూర్చున్నాడు. ఇంకొక్క వారం ఇలాగే నడిస్తే దసరా నాటికి మా షెడ్డు తాళం అతని జేబులో ఉంటుంది.

కానీ అతని దగ్గర లేని సరుకు ఒకటి నా దగ్గర ఉంది. శనివారం సాయంత్రం ఆ ఫోటోనే ఫోనులో చూస్తుంటే కంటపడింది. నేను దాన్ని ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

ఆదివారం పొద్దున నేను బండి తీస్తుంటే అమ్మ చీర మార్చుకుని బయటికి వచ్చింది.

"నేను గూడ వస్త."

నాకు ఆశ్చర్యమే. మా అమ్మ కనకలక్ష్మి షెడ్డు దాటి బండ్ల విషయంలో తలదూర్చదు. నాయన పోయినప్పటి నుంచి "ఈ ఇనుప సామాను ఇగ చాలు బిడ్డా" అన్నదే ఆమె మాట. అయినా ఇవాళ నాకు తోడుగా నిలబడాలనుకుంది కదా అని లోపల సంతోషపడ్డాను. అమ్మను మా తమ్ముడు అజయ్ ఎక్కించుకున్నాడు, షెడ్డులోని బండి మీద. తన 350ని పెయింటింగ్‌కని శేరిలింగంపల్లిలో దోస్తుకు ఇచ్చాడు.

కోకాపేటలో ఎల్లేశం టీ బండి దగ్గర ఆదివారం పొద్దున చూడాలి. ఎత్తయిన అద్దాల మేడల కింద సర్వీసు రోడ్డు పొడవునా మోటార్‌సైకిళ్లు నిలబడి ఉంటాయి. వాటి యజమానులు చేతిలో కప్పు పట్టుకుని, ఇంకా పుట్టని బండ్ల జాతకాలు చెప్పుకుంటూ ఉంటారు. మేం వెళ్లేసరికి అదే నడుస్తోంది.

"దసరా గాదు, దీపావళికి వస్తది. రాసిపెట్టుకో" అంటున్నాడు మధుకర్. నార్సింగి మనిషి, ఆఫీసులకు క్యాబులు నడిపిస్తాడు. "ముందుగాల పేరు చెప్తరు. బుకింగ్ తీస్కుంటరు. బండి మాత్రం వచ్చే ఏడు ఇస్తరు. ఎన్నిసార్లు జూడలే!"

"అసలు ఇప్పుడు 450 ఎందుకు తెస్తారు?" అంది వర్షిత. ఆమె ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ టీములో పని చేస్తుంది, ఆమె 350 మెరుపు చూస్తే కొత్తదే అనుకుంటారు. "మూడువందల యాభై సీసీ దాటితే ట్యాక్స్ ఎంత పెరిగిందో తెలుసుగా? పైగా అంత పెద్ద ఇంజన్‌ని చల్లబరచడానికి రేడియేటర్ ఉండాలి, ఏదీ? ఫోటోలో కనిపించట్లేదు."

"స్టిక్కర్ల కింద ఉంది" అన్నాడు లోహిత్.

"స్టిక్కర్ల కింద మా తాత గూడ ఉండొచ్చు" అన్నాడు మధుకర్.

అందరూ నవ్వారు. ఎల్లేశం పాలగిన్నె కలుపుతూ, "నా కాడ గూడ ఒక లీకు ఉన్నదన్నా. దసరాకు మన చాయ్ కొత్త మోడల్ వస్తది. కప్పు చిన్నగైతది, రేటు పెద్దగైతది" అన్నాడు.

ఈ సరదా మాటల పక్కనే అసలు వ్యాపారం జరుగుతోంది. టీ బండికి కాస్త అవతల ఒక డీసీఎం వ్యాను ఆగి ఉంది. దాని వెనక తలుపు దించి, పలక ఆనించి, అప్పటికే నాలుగైదు 350లను పైకి ఎక్కించారు. కామేశ్వరరావు తెల్లచొక్కా నలగకుండా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"రండమ్మా, రండి. ఆదివారం చెప్తానన్నారు, మాట నిలబెట్టుకున్నారు" అన్నాడు.

నేను అతని వైపు కాకుండా వర్షిత వైపు నడిచాను. ఆమె చేతిలో తాళం చెవి ఉంది. దాన్ని ఇవ్వడానికే వచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. పెళ్లికి బంగారం తాకట్టు పెట్టేవాళ్ల మొహం అలాగే ఉంటుంది.

"వర్షితా, ఎందుకమ్ముతున్నవ్?"

"నాకు ఇష్టమై కాదు సంధ్య గారూ. రేపు స్పేర్లు దొరక్కపోతే ఏం చేస్తాను? ఇప్పుడైతే ఎంతో కొంత వస్తుంది."

"మంచిది. మరి పనికిరాని బండి అయితే, దాన్ని ఎక్కించుకపోనీకి ఆయన ఇంత పొద్దుగాల వ్యాను దెచ్చుకుని ఎందుకు కూసున్నడు?"

కప్పులు పట్టుకున్నవాళ్లందరూ వ్యాను వైపు తిరిగారు.

కామేశ్వరరావు నవ్వాడు. "జిల్లాల్లో అమ్ముకుంటానమ్మా. పల్లెల్లో వాళ్లకి కొత్త మోడల్, పాత మోడల్ అని ఉండదండి."

"పల్లెలోళ్లకు స్పేర్లు అక్కరలేదా సార్? వాళ్ల బండ్లు ఏమన్న గాలితోని నడుస్తయా?"

మధుకర్ ఈల వేశాడు. కామేశ్వరరావు నవ్వు అలాగే ఉంది కానీ, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఎదుటివాడు కూర్చున్న తీరు మార్చుకున్నాడంటే బేరం కదిలిందని అర్థం. నేను ఇంకో అడుగు వేశాను.

"అందరూ వినుండ్రి. ఫోటో రాకముందు మీ 350కి ఏ ధర ఉండెనో, అదే ధరకు నేను కొంట. ఇవ్వాళనే. ఎవ్వరి బండైనా సరే."

"అక్కా!" అన్నాడు అజయ్ వెనక నుంచి. "ఏం మాట్లాడుతున్నవ్? గన్ని పైసలు ఏడికెల్లి తెస్తవ్?"

"అది నా ఫికర్."

"సంధ్యా, ఇంటికి పోదాం పా బిడ్డా" అంది అమ్మ. నా చెయ్యి పట్టుకుంది కూడా. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. నేను మెల్లగా విడిపించుకున్నాను.

లోహిత్‌కు కోపం వచ్చింది. అది నాకు కావలసిందే.

"అంటే ఏంటి మీ ఉద్దేశం? నేను అబద్ధం చెప్పాననా? ఆరేళ్లుగా ఛానల్ నడుపుతున్నాను సంధ్య గారూ. నా ప్రిడిక్షన్స్ చాలావరకు నిజమయ్యాయి. మీ స్టాక్ మునిగిపోతోందని నా ఫోటోని ఫేక్ అంటే ఎలా?"

"నువ్వు అబద్ధం చెప్పినవని నేను అనలే తమ్మీ. నీకు అబద్ధం అమ్మిండ్రు. నువ్వు చూడకుంట కొన్నవ్."

"ప్రూఫ్ ఉందా?"

"ఉన్నది. నీ ఫోటోలనే ఉన్నది."

ఫోను తీసి ఫోటో అందరికీ కనిపించేలా పట్టుకున్నాను. "ముందు చక్రం పక్కన ఫోర్కు చూడుండ్రి. ఎడమ దిక్కు, లోపల. పైనుంచి స్టిక్కరు వచ్చింది. ఇగో, ఈడ ఆగింది. మళ్ల కింద షురూ అయింది. నడుమ కొంచెం జాగ వదిలిపెట్టిండ్రు. ఎందుకు వదిలిపెట్టిండ్రు?"

వర్షిత ముందుకు వంగింది. "ఏదో ఎర్రగా ఉంది."

"దారం. పసుపు రాసిన ఎర్ర దారం."

"కంపెనీ టెస్ట్ బండికి దారం ఎవడు కడతడు?" అన్నాడు మధుకర్.

"అదే నేను అడిగేది. కంపెనీ బండికి పూజయిందా? దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిండ్రా? అది ఇంకా ఎవ్వరికీ అమ్మనే లే. అమ్మని బండికి పూజ ఎక్కడిది? ఇది ఎవరి ఇంట్లనో ఉన్న 350. పేరు పీకేసి, సీటు మార్చి, స్టిక్కర్లు అంటించిండ్రు. అంతా కప్పిండ్రు. ఈ దారం కాడికి వచ్చేసరికి చెయ్యి ఆడలే. పూజ దారం తనంతట తాను అరిగిపోవాలె గని తెంపొద్దు గద. ఊరందరినీ మోసం చెయ్యనీకి గుండె ఒప్పింది, మూరెడు దారం తెంపనీకి మాత్రం ఒప్పలే."

ఎల్లేశం గరిటె పక్కన పెట్టేశాడు. తన మోపెడు హ్యాండిలుకు కట్టిన నల్లదారాన్ని చూసుకున్నాడు. అతనొక్కడే కాదు. అక్కడున్న చాలామంది తమ బండ్ల వైపు తిరిగారు. హ్యాండిలుకో, అద్దం కాడకో వెలిసిపోయిన దారం ఏదో ఒకటి ప్రతి బండికీ ఉంది. విదేశీ హెల్మెట్లు, ఖరీదైన చేతితొడుగులు వేసుకుని తిరిగేవాళ్ల బండ్లకు కూడా.

"ఇంకో మాట" అన్నాను. "ఈ దారం మా అమ్మ కట్టింది. మా షెడ్డులకెల్లి పోయే ప్రతి బండికి, వెనకటి ఓనరు దిష్టి పోవాలని, గీ జాగలనే కడ్తది. వేరే ఎవ్వరూ ఫోర్కు లోపల కట్టరు, హ్యాండిలుకు కడ్తరు. అంటే ఈ బండి నా గుమ్మం దాటి పోయిన బండే."

అమ్మ తల వంచుకుంది. అందరి కళ్లు ఒక్కసారి తన మీద పడ్డాయని బిడియపడుతోందనుకున్నాను.

"ఎవరిదో తెలుసా?" అన్నాడు కామేశ్వరరావు. ఈసారి గొంతులో అండీలు లేవు.

"ఇంకా తెల్వదు. తెలిసిన్నాడు ఈడనే, ఈ టీ బండి కాడనే, అందరి ముందట పేరు చెప్త. వాడు నాకు ఎంత పెద్ద గిరాకీ అయినా సరే. నా దగ్గర చుట్టాలు లేరు, దోస్తులు లేరు. మళ్ల వాడు నా షెడ్డు గడప తొక్కడు."

చప్పట్లు కొట్టింది మొదట మధుకర్. వర్షిత తాళం చెవిని జేబులో వేసుకుంది. వ్యాను మీదికి ఎక్కించిన బండ్ల యజమానుల్లో ఒకతను వెళ్లి పలక పక్కన నిలబడి, "నాది దించండి" అన్నాడు. అతని వెనకే ఇంకొకతను. పదిహేను రోజుల నుంచి నా గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కో బండీ కిందికి దిగుతుంటే తగ్గుతోంది. నాయన ఉంటే ఈ ఉదయాన్ని ఏ ఖాతాలో వేసుకునేవాడో! నేనైతే లాభంలోనే రాసుకున్నాను, కొంచెం తొందరపడి.

లోహిత్ మాత్రం ఒప్పుకోలేదు. మొండివాడే, కానీ దొంగ కాదు. సంచిలోంచి ట్యాబ్ తీశాడు.

"మీ ఫోన్లో ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన కాపీ. సైజు తగ్గిపోయి ఉంటుంది. ఒరిజినల్ నా దగ్గర ఉంది. అందులో చూద్దాం. అది దారం కాదు, వైరో, సెన్సర్ కేబులో అయి ఉంటుంది. అయితే మీరు అందరి ముందు సారీ చెప్పాలి."

"చెప్త. దారమే అయితే?"

"ఈ సాయంత్రమే వీడియో పెడతాను, నేను మోసపోయానని."

"పంపిందెవరు నీకు?"

"పేరు లేదు. కొత్త అకౌంట్."

టీ బండి పలక మీద ట్యాబ్ నిలబెట్టాడు. అందరూ చుట్టూ మూగారు. అతను రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. చక్రం వచ్చింది. ఫోర్కు వచ్చింది. ఇంకా పెద్దది చేశాడు. ఎర్ర దారం పురులతో సహా కనిపించింది. పసుపు మరక కూడా.

"గెల్చినవ్ అక్కా!" అన్నాడు మధుకర్. "దానికి వేలాడుతున్నయేంది, తెల్లగ?"

"గవ్వలు" అంది వర్షిత. "ఎంత బాగున్నాయో! మూడు."

నేను విన్నాను. విని, మళ్లీ చూశాను. ఎండ తెర మీద పడుతోందని చెయ్యి అడ్డం పెట్టి ఇంకోసారి చూశాను.

అమ్మ ఏ బండికైనా ఒక్క గవ్వే కడుతుంది. రెండు కట్టగా నేను చూడలేదు. మూడు కట్టిన బండి ఒక్కటే ఉంది. అజయ్ శంకర్‌పల్లి రోడ్డు మీద ఒకసారి, తెల్లాపూర్ మలుపులో ఒకసారి పడి, చెయ్యి విరగ్గొట్టుకుని దవాఖాన నుంచి వచ్చిన రోజు అమ్మ వాడి బండి ముందు కూర్చుని, పాత దారం పక్కనే కొత్తది చుట్టి, గవ్వ తర్వాత గవ్వ కట్టుకుంటూ పోయింది. "ఇగ చాలే అమ్మా, బండి మోయలేదు" అని నవ్వింది నేనే.

ఇప్పుడు నవ్వేవాళ్లు నా చుట్టూ ఉన్నారు. మధుకర్ నా భుజం తడుతున్నాడు. ఎల్లేశం నాకోసం ప్రత్యేకంగా అల్లం దంచుతున్నాడు. వ్యాను మీద నుంచి చివరి బండి దిగుతోంది.

"అమ్మా" అన్నాను. "జర చూడు."

అమ్మ తెర వైపు చూడలేదు. "నాకేం కనబడుతలేదు బిడ్డా. కండ్లు మసకలు."

పొద్దున్నే సూదిలోకి దారం ఎక్కించి నా జాకెట్టు గుండీ కుట్టిన మనిషి ఆమె.

కామేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. నా మొహంలో ఏం కనిపించిందో, అతను మాత్రం చదువుకున్నాడు. అతనూ వ్యాపారే.

"ఏమ్మా సంధ్యా, పోల్చుకున్నట్టున్నారు. చెప్పండి మరి. మీ దగ్గర చుట్టాలు లేరు, దోస్తులు లేరు అన్నారు కదా. అందరం ఇక్కడే ఉన్నాం."

అందరూ నా వైపు తిరిగారు. తెలియదంటే చాలు. ఎవరో పాత గిరాకీ, పేరు గుర్తుకు రావడం లేదంటే నమ్ముతారు. షెడ్డు నిలబడింది, ధర నిలబడింది, వర్షిత తాళం ఆమె జేబులోనే ఉంది. నాకు కావలసినదంతా నా చేతికి వచ్చేసింది. ఇక్కడ ఆగితే అంతా మిగులే. ముందుకు పోతే ఎంత పోతుందో అంచనా కూడా లేదు.

కానీ ఈ రోజు వీళ్లందరూ బండ్లు దించుకున్నది దారం చూసి కాదు. నేను పేరు చెప్తానన్న మాట చూసి. ఆ మాట పాడైతే రేపటి నుంచి నా షెడ్డులో ఏ బండికీ విలువ ఉండదు. పైగా, ఈ తెల్లచొక్కా ముందు నేను తల దించను.

"అజయ్" అన్నాను. "నీ బండి ఏడున్నది?"

వాడు హెల్మెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పెయింటింగ్‌కు ఇచ్చిన గదక్కా."

"స్టిక్కర్లు పీకనీకి ఇచ్చినవా, రంగెయ్యనీకి ఇచ్చినవా?"

మధుకర్ చెయ్యి నా భుజం మీద నుంచి జారింది. వర్షిత ఒకసారి ట్యాబ్ వైపు, ఒకసారి మా తమ్ముడి వైపు చూసింది.

వాడు కామేశ్వరరావు వైపు చూస్తాడని కనిపెట్టుకుని ఉన్నాను. ఒక్క చూపు చాలు నాకు, మిగతా లెక్కంతా తేలిపోతుంది. వాడు అటు చూడలేదు. నా వైపూ చూడలేదు. చిన్నప్పుడు దెబ్బలు తినబోయే ముందు తిరిగినట్టే, అమ్మ వైపు తిరిగాడు.

"స్టిక్కర్లు అంటించేటప్పుడు దారం తెంపేస్తనంటే నువ్వే వద్దంటివి గదనే అమ్మా" అన్నాడు.